గంట నిండనివ్వని అక్క

తెల్లవారగానే మొహం కడుక్కుని, దేవుడి పటం ముందు చేతులు జోడించి ఆ అక్క రోజూ ఒకటే కోరుకునేది: "స్వామీ, నా తమ్ముణ్ని నవ్వులపాలు చేసినవాడి పొగరు నా చేత్తోనే అణచు." దేవుడు ఇలాంటి కోరికలు చెవిన పెడతాడా అంటే, "నేనడిగేది న్యాయమే కదా, ఎందుకు పెట్టడు?" అనేది. దండం పెట్టుకున్నాక తిన్నగా కుట్టు మిషన్ దగ్గరికి వెళ్లేది కాదు. తమ్ముడి పాత ఆటపెట్టెను టీవీకి తగిలించి, చప్పుడు బయటికి రాకుండా తగ్గించి, వాడు నిద్రలేచే లోపల ఒక ఆట ఆడేది. ఆ ఆటలో ఆమె నేర్చుకున్న విద్య ఒక్కటే. చేతికి అందినవాణ్ని కొట్టకుండా ఉండడం.

వీధికంతా ఆమె టైలరక్క. ఇంటి ముందుగదే కొట్టు. పొడుగు ప్యాంట్లు మడిచి కుట్టడం, బిగుసుకుపోయిన జాకెట్లు విప్పి వదులు చెయ్యడం ఆమె పని. బడికి పరుగెత్తే పిల్లల గుండీ ఊడితే, పిల్లాణ్ని నిలబెట్టి ఒంటి మీదే కుట్టి, దారం పంటితో కొరికి పంపేసేది. అలాంటి మనిషి కడుపులో ఇంత పగ ఎలా పట్టిందా అనిపిస్తుంది. పట్టింది, గంటయ్య వల్ల.

గంటయ్య ఆ ఆటలో ఒక పోరాటగాడు. ఒకప్పుడు కోటలో గంట కొట్టే కాపలాదారు. శత్రువులు వస్తున్నారని గంట కొట్టి ఊరిని లేపినందుకు, వాళ్ల సేనాని ఆ గంట నాలుకను పీకేసి, అతని ఇల్లు తగలబెట్టాడు. నాలుక లేని ఆ గంటను గొలుసుతో వీపుకు కట్టుకుని, సేనాని కోసం దేశాలు పట్టి తిరుగుతున్నాడు గంటయ్య. బరువు మోస్తున్నవాడు కాబట్టి ఎగరలేడు, పరుగెత్తలేడు. గంట తనంతట తాను మోగదు. ఎదుటివాడు కొట్టిన ప్రతి దెబ్బా అందులో చేరి, గంట నెమ్మదిగా ఎర్రబడుతుంది. నిండా ఎర్రబడ్డాక గొలుసు పట్టి ఒక్క విసురు విసిరాడంటే, తిన్న దెబ్బలన్నీ ఒకేసారి అవతలివాడికి అప్పజెప్పినట్టే. ఆ విసురు తప్పిందా, గంటయ్య పని గోవిందా.

తమ్ముడికి గంటయ్య అంటే ప్రాణం. తమ్ముడు బోర్డులు రాసే పెయింటరు. నిచ్చెన మీద రోజంతా నిలబడి, కింద నుంచి కొట్లవాళ్లు పెట్టే వంకలన్నీ వింటూ, కిమ్మనకుండా రంగు వేసుకునే మనిషి. పడ్డవాడికి పడ్డవాడే చుట్టం.

వీధి చివర ఆటల గదిలో ఒక ఆనవాయితీ ఉంది. పోరాటగాణ్నే పందెం కాయాలి. ఓడినవాడు తన మనిషిని గెలిచినవాడికి వదిలేసుకోవాలి, ఆ గదిలో మళ్లీ వాడి జోలికి పోకూడదు. సెల్ఫోన్లు బాగుచేసే ఒకడు అలా గెలుస్తూ గెలుస్తూ 'పులి' అనిపించుకున్నాడు. తమ్ముడు వాడితో పందెం కాశాడు. గంట నిండా ఎర్రబడింది. తమ్ముడు గొలుసు విసరబోయాడు. సరిగ్గా అప్పుడు పులి చెయ్యి చాచి, "భేష్‌రా తమ్ముడూ!" అని వాడి భుజం మీద బలంగా చరిచాడు. వేలు జారింది, విసురు తప్పింది.

చూసినవాళ్లకు అది మెచ్చుకోలు. తమ్ముడు "కావాలని చరిచాడు" అంటే గదంతా నవ్వింది. "ఓడినోడికి సాకులెక్కువ" అన్నారొకరు. మర్నాటికి వాడి పేరు 'సాకులోడు' అయింది. ఆ పేరు వీధంతా పాకింది. రవిక కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ, "సాకులోడి అక్క కొట్టు ఇదేనా?" అని మామూలుగా అడిగేసింది. అక్క కొలతలు తీసుకుంది, మర్యాదగానే మాట్లాడింది. ఆవిడ వెళ్లాక టేపును వేలికి చుట్టి చుట్టి, వేలు నల్లబడేదాకా బిగించింది. తమ్ముడు మాత్రం నిచ్చెన ఎక్కితే దిగడం మానేశాడు. పైన ఉంటే వీధికి వీపు పెట్టి నిలబడొచ్చు కదా.

ఒక మధ్యాహ్నం అక్క మిషన్ మీద గుడ్డ కప్పి, ఆటల గదికి వెళ్లింది. గది యజమాని పెద్దాయన, అందరికీ బాబాయి. ఆమెను చూడగానే లేచి, కుర్చీ తుడిచి, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. ఆయన ఎప్పుడూ అంతే. కనబడితే తమ్ముడి బాగోగులు అడగనిదే వదిలేవాడు కాదు.

"పులితో ఆడతా బాబాయ్. గంటయ్య కోసం."

పులి పగలబడి నవ్వాడు. "అక్కా, ఇది గుండీలు కుట్టడం కాదే!"

"గుండీ అయితే నీ నోటికే కుట్టేదాన్ని. కూర్చో."

"సరే. ఓడితే మాత్రం నీ తమ్ముడు ఇక్కడికొచ్చి, అబద్ధం ఆడానని అందరి ముందూ ఒప్పుకోవాలి."

అక్క తమ్ముడికి చెప్పకుండా తమ్ముడి మాటనే పందెం కాస్తోంది. అయినా "సరే" అంది. సంచిలోంచి పెద్ద కత్తెర తీసి, పులి వైపున్న తొడ మీద పెట్టుకుంది.

"అదెందుకక్కా?"

"అలవాటు తమ్ముడూ. భుజం మీద ఏదైనా పడితే కత్తిరించేస్తుంటాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పులి నవ్వలేదు.

తను గెలుచుకున్న గంటయ్యనే ఎంచుకున్నాడు పులి. అక్క ఎంచుకున్నది పిచ్చుక అనే చిన్నపిల్లను. పిడికిలిలో బలం లేదు కానీ ఎగిరి తప్పించుకోవడంలో దిట్ట. ఆట మొదలవగానే పిచ్చుక ఒక్క పోటు పొడిచి వెనక్కి ఎగిరింది. గంట అడుగున సన్నటి ఎర్రగీత వచ్చింది. ఆ తరవాత ఆమె కొట్టలేదు. గంటయ్య బతికేది దెబ్బల మీద. దెబ్బే దొరక్కపోతే వాడు గంట మోసే ముసలివాడు, అంతే. గడువు ముగిసేసరికి ఎవరి ఒంట్లో ప్రాణం ఎక్కువ ఉంటే వాళ్లదే ఆట.

"కొట్టవేం? చేతకాదా?" అన్నాడు పులి. గదిలో ఈలలు మొదలయ్యాయి. "పారిపోతోంది, పారిపోతోంది!"

పులి ఆమె వైపు వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "సాకులోడి అక్క."

ఆ మాటకు ఆమె బొటనవేలు మీట మీదికి పోయింది. గంటయ్య ఎదురుగా, చేతికందే దూరంలో ఉన్నాడు. పది దెబ్బలు వరసగా వెయ్యొచ్చు. వెయ్యాలని ఒళ్లంతా అడుగుతోంది. వాడిక్కావలసిందీ అదే. ఆమె పెదవి కొరుక్కుంది, వేలు తీసేసింది. కానీ ఆ ఆలస్యానికి గొలుసు కొస తగిలి పిచ్చుక కిందపడింది. ఇప్పుడు ప్రాణం ఆమెకే తక్కువ. గడువు దగ్గరపడుతోంది.

పులికి గెలుపు కళ్లముందే కనిపించింది. వెనక్కి తగ్గి నిలబడితే చాలు, ఆట వాడిదే. కానీ పులి అనిపించుకున్నవాడు ఒక ఆడమనిషి ముందు ఊరికే నిలబడతాడా? గంటను విసిరి నేలకు కొట్టాడు. ఖాళీ గంట దభీమని పడింది. దాన్ని మళ్లీ వీపుకెత్తుకోవడానికి గంటయ్య వంగాడు. అక్క ఎన్ని ఉదయాలు ఎదురుచూసిందో ఆ వంగడం కోసం! పిచ్చుక ఎగిరివచ్చి వరసగా పొడిచింది. గంట ఎర్రబడుతూనే ఉంది, ఎత్తేవాడి చేతికి మాత్రం ఇంకా అందలేదు. గడువు ముగిసింది. పిచ్చుకకు మిగిలిన ప్రాణం వెంట్రుకవాసి ఎక్కువ.

"మీట పట్టేసింది! కదిపే పుల్ల కూడా వదులైపోయింది!" అని అరిచాడు పులి.

"అబ్బో, సాకులోడు!" అన్నారు వెనకనుంచి. గదంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు అక్క చెవుల్లో తేనె పోసినట్టుంది. దేవుణ్ని నమ్మిన మనిషికి ఇంత సంతోషం తగదని తెలుసు. అయినా తనివితీరా వింది. పులి గుమ్మం దాటి, మలుపు తిరిగేదాకా వాడి వీపునే చూస్తూ కూర్చుంది.

బాబాయి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చాడు. "అమ్మా, ఆ రోజు నేను చూశాను. మీవాడు చెప్పింది నిజమే. పులి భుజం చరిచే ముందు మీవాడి మీట వైపు చూసి మరీ చరిచాడు. వాడు పదిమందిని వెంటేసుకుని వచ్చేవాడు, ఆ బేరం పోతుందని... నోరు మూసుకున్నాను."

తుడిచిన కుర్చీ, తిప్పిన ఫ్యాను, అడిగిన బాగోగులు అన్నీ ఒక్కసారిగా ఆమెకు అర్థమయ్యాయి. ఆ మంచితనం అబద్ధమనీ అనలేకపోయింది, క్షమించనూ లేకపోయింది. నీళ్లు తాగి, గ్లాసు ఆయన చేతికే ఇచ్చి, కత్తెర సంచిలో పెట్టుకుంది.

"బాబాయ్, నాకో సాయం చేసిపెట్టండి. మావాడు సందు మలుపులో నిచ్చెన మీద ఉన్నాడు. నేను గెలిచానని వాడికి చెప్పొద్దు. మీరు చూసింది చెప్పండి. వాణ్ని కిందికి దిగమనకండి. మీరే కింద నిలబడి, పైకి చూసి, వీధంతా వినేట్టు చెప్పండి."