అన్సెల్మ్ పెర్నే ఎత్తని చెయ్యి

అన్సెల్మ్ పెర్నే పోయాక, ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమని ఆయన భార్య ఒడిల్ నన్నే అడిగింది. మా సెర్వాన్ ఊళ్ళో చదువుకున్నవాళ్ళకు కొదవ లేదు. "వాళ్ళు రాస్తే మా ఆయన రెండోసారి పోతాడు, నువ్వే రాయి" అందామె. నేను బడి మధ్యలో మానేసి పాల లారీ ఎక్కినవాణ్ణి. ఫ్రాన్సు తూర్పు అంచున ఉన్న ఈ జ్యూరా కొండల్లో ఏ ఆవు నిన్న అలిగిందో ఇవాళ పాలు రుచి చూసి చెప్పగలను. మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు, ఆవులు నమ్ముతాయి.

అన్సెల్మ్ మామూలు మనిషి. ఎర్ర మచ్చల ఆవులు, కొండవాలున గడ్డినేల, చెవులు కప్పే టోపీ, అంతే ఆయన ఆస్తి. చేతులు మాత్రం మామూలువి కావు. ఆయన అరచెయ్యి చాపితే వానలో ఓ కోడి పిల్లలతో సహా దాని కింద తలదాచుకునేది. ఆ చేతుల సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు వాటితో పని ఉంది.

ఆవులు కాక ఆయనకు ఇంకో బాధ్యత ఉండేది. మా ఊరి సహకార బ్యాంకుకు ఆయన అధ్యక్షుడు. జీతం లేదు. ఏడాదికోసారి ఒక విందు, మిగతా రోజులన్నీ తిట్లు.

ఆ బ్యాంకు బోర్డు ఇవాళ దేశంలో ఏ వీధి మలుపు తిరిగినా కనిపిస్తుంది. మాకు మాత్రం అది "మన పెట్టె". అన్సెల్మ్ తాత కాలంలో పట్నం బ్యాంకులు రైతు బూట్లకున్న పేడ చూసి తలుపులు వేసుకునేవట. మావాళ్ళేమో తరతరాలుగా ఊరి పాలన్నీ ఒకే రాగి గంగాళంలో పోసి ఉమ్మడిగా చీజు చేసుకుంటున్నవాళ్ళు. బండి చక్రమంత చీజుకు ఒక్క ఇంటి పాలు ఎక్కడ సరిపోతాయి? పాలు కలుపుకున్నవాళ్ళం పైసలు కలుపుకోలేమా అనుకున్నారు. చలికాలంలో ఊళ్ళో వెచ్చగా ఉండేది చీజు కాచే కొట్టం ఒక్కటే కాబట్టి తొలి సభ అందులోనే జరిగింది. ఒకడు అప్పు తీర్చలేకపోతే మిగతా అందరూ పూచీ. ఎన్ని వాటాలు కొన్నా మనిషికి ఒక్కటే ఓటు. కొండంత పొలం ఉన్నవాడికీ ఒకటే, రెండు మేకలున్న ముసలమ్మకీ ఒకటే.

ఇనప్పెట్టెను అన్సెల్మ్ తాత తన ఎద్దు గాడి కింద పెట్టించాడు. ఓసారి దొంగ వచ్చాడు. తెల్లారి చూస్తే పెట్టె భద్రంగా ఉంది, దాని పక్కన దొంగ కోటూ ఒక బూటూ ఉన్నాయి. వాటిని డిపాజిట్ కింద జమ కట్టాలా, కడితే వడ్డీ ఎవరికివ్వాలి అని సంఘం మూడు సభలు జరిపిందట. ఇది నేను కల్పించింది కాదు. ఎద్దు చెప్పగా విన్నాను.

తర్వాత ఊళ్ళ బ్యాంకులన్నీ కలిసి పైన ఒక ప్రాంతీయ బ్యాంకును పెట్టుకున్నాయి. ప్రాంతీయ బ్యాంకులన్నీ కలిసి పారిస్‌లో ఒక పెద్దదాన్ని పెట్టుకున్నాయి. వేరే కంపెనీల్లో పెద్దది చిన్నవాటిని కొంటుంది. ఇక్కడ చిన్నవన్నీ కలిసి పెద్దదానికి యజమానులు. ఈ తిరకాసును వివరించడమంటే అన్సెల్మ్‌కు పండగ. కాఫీకొట్లో గ్లాసు బోర్లించి పెట్టి, "అడుగు పైకొచ్చిందా? అది మనం. మూతి కిందికి పోయిందా? అది పారిస్" అనేవాడు.

ఒడిల్ తమ్ముడు మారియుస్ ఊరుకునే రకం కాదు. "అంత పైన ఉన్నాం గదా బావా, మరి వాన ఎప్పుడూ మన నెత్తినే పడుతుందేం?"

"పైకప్పు మీద కాక ఎక్కడ పడుతుందిరా వాన? ఈ ఇంటికి పైకప్పు మనమే" అన్నాడు అన్సెల్మ్.

మారియుస్ ఆ గ్లాసు తిప్పి, అందులో వైన్ పోయించుకుని, తనకు మాత్రం పారిస్ ఇలా ఉంటేనే ఇష్టమన్నాడు.

అప్పు అడిగినవాడి ఇంటికి అన్సెల్మ్ స్వయంగా వెళ్ళేవాడు. కాగితాలు అడిగేవాడు కాదు, కొట్టం చూపించమనేవాడు. గాడి శుభ్రంగా ఉంటే సరే. సొంత బావమరిది ట్రాక్టరు కోసం వస్తే, ముందు నీ ఆవుల కింద గడ్డి మార్చు అని పంపేశాడు. మారియుస్ ఆ మాట పెళ్ళిళ్ళలో కూడా ఎత్తి పొడిచేవాడు. కానీ గడ్డి మార్చాడు, ట్రాక్టరూ వచ్చింది.

ఇక ఏటా జరిగే సభ. ఫిబ్రవరిలో, మంచు మోకాలి లోతున్నప్పుడు, పంచాయతీ హాల్లో. నిజం చెప్పాలంటే సభకు వచ్చేది సభ కోసం కాదు. పొగబెట్టిన సాసేజీలు, కరిగించిన చీజు పోసిన ఉడకబెట్టిన దుంపలు, కొండ వైన్. వంట వాసన హాల్లోకి వస్తుంటే అన్సెల్మ్ తీర్మానాలు చదివేవాడు. చదివి, "వ్యతిరేకులు?" అని అడిగేవాడు. ఎవరూ కదిలేవారు కాదు. "తటస్థులు?" ఎవరూ లేరు. "ఏకగ్రీవం" అని కళ్ళద్దాలు తుడుచుకునేవాడు. అనుకూలులు ఎవరని మా ఊళ్ళో ఎన్నడూ అడగలేదు. చెయ్యెత్తడమంటే ఇంటికి పిలిచి అన్నం పెట్టే మనిషి మొహాన నువ్వు అబద్ధమాడుతున్నావు అన్నట్టే. ఆ బల్ల వెనక కూర్చున్నవాడు తన అభిప్రాయం చెప్పకూడదన్నది ఇంకో కట్టుబాటు. అన్సెల్మ్ తండ్రి కూడా అధ్యక్షుడే. కుర్చీ నోరు మాత్రమే, మనసు సభ్యులది అని ఆయన నేర్పించి పోయాడు.

యూరోలు రాకముందు, ఫ్రాంకులు ఇంకా చెల్లుతున్న రోజుల్లో, ఒక శీతాకాలం ప్రాంతీయ బ్యాంకు నుంచి తెవెనో అనే పెద్దమనిషి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, బూట్లు పల్చన, అంతే. చిన్న ఊళ్ళ బ్యాంకుల ఖర్చు పెరిగిందనీ, సెర్వాన్ పట్నం బ్యాంకులో కలిస్తే మేలనీ, కలవాలో వద్దో సభ్యులే తేల్చాలనీ చెప్పి తీర్మానం ఇచ్చి వెళ్ళాడు. కలిస్తే మన సంఘం ఉండదు. కొట్టాలు చూసి అప్పులిచ్చే అధ్యక్షుడూ ఉండడు.

ఆ రాత్రి అన్సెల్మ్ భోజనం ముట్టలేదని ఒడిల్ చెప్పింది. తాత పెట్టిన పెట్టె తన చేతుల్లో మూతపడుతుందేమోనని ఆయన బెంగ. అలాగని నోరు విప్పడు.

"వద్దని జనానికి చెప్పు" అంది ఒడిల్.

"నేను చెప్పకూడదు. కుర్చీలో ఉన్నాను."

"అయితే దిగి చెప్పు. మెట్టు కూడా లేదు కదయ్యా దానికి."

"అది వాళ్ళ పెట్టె, ఒడిల్. వాళ్ళే చేతులెత్తుతారు. నేను చెప్పి ఎత్తించుకుంటే అది వాళ్ళ ఓటెలా అవుతుంది?"

ఊళ్ళో ఏమనుకుంటున్నారో పాల లారీ నడిపే నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏ గుమ్మంలో ఆగినా ఒకటే గొడవ. కలవడం ఒక్కడికీ ఇష్టం లేదు. కానీ అన్సెల్మ్ నోరు మెదపడం లేదంటే ఒప్పుకున్నాడనే లెక్క. పాపం ముసలాడు అలిసిపోయాడు, బరువు దించుకుంటానంటే మనం ఎందుకు అడ్డం, అదీ ప్రాంతీయ పెద్దమనిషి ముందు? ఇదీ అందరి మాట. యూజెనీ అని రెండు మేకల ముసలమ్మ, మొగుడు పోయినప్పుడు ఏ హామీ లేకుండా అన్సెల్మ్ అప్పిచ్చిన మనిషి, ఆ మాట అంటూ కళ్ళు తుడుచుకుంది. నేను ఆ మాటలు ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి మోశాను. అన్సెల్మ్ గుమ్మంలో మాత్రం ఆయన వాతావరణం గురించే ఎత్తాడు, నేనూ అదే మాట్లాడి వచ్చాను.

సభ రోజు హాలు కిక్కిరిసింది. తెవెనో మొదటి వరసలో కూర్చున్నాడు. నేను వెనక సాసేజీలు కోస్తున్నాను. అన్సెల్మ్ తీర్మానం చదివాడు, ఒక్క పదం మింగకుండా.

"వ్యతిరేకులు?"

మామూలుగా ఆ మాటకూ తర్వాతి మాటకూ మధ్య దగ్గడానికి కూడా సందుండదు. ఆ రోజు ఆయన ఆగాడు. అద్దాలు తీశాడు. ఒక్కో వరసనూ చూశాడు, ఒక్కో మొహాన్నీ చూశాడు. ఆ చూపును మావాళ్ళు ఎలా చదివారో తెలుసా? ఎవరూ ఎత్తకండర్రా, నన్ను పోనివ్వండి అని బతిమాలుతున్నట్టు. యూజెనీ తన చేతులు రెండూ ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంది. మారియుస్ తన చెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు. అన్సెల్మ్ చేతులు బల్ల మీద ఉన్నాయి, బోర్లించిన రెండు పళ్ళేల్లాగా.

"తటస్థులు?" అన్నాడు.

"ఏకగ్రీవం."

ఆ రోజు అద్దాలు తుడుచుకోవడం ఆయన మర్చిపోయాడు.

విందులో మారియుస్ గ్లాసు పట్టుకుని వచ్చి బావ భుజం మీద చెయ్యేశాడు. "చూశావా బావా, ఒక్కడు అడ్డం పడలేదు. మనసొప్పక చచ్చాం గానీ, నీ కోసం ఊరుకున్నాం."

"నా కోసమా?" అన్నాడు అన్సెల్మ్.

"మరెవరి కోసం?"

అన్సెల్మ్ పళ్ళెం పక్కకు జరిపాడు. "నేను మీ చేతుల కోసం చూశాన్రా" అన్నాడు.

ఆ మాట బల్ల చివరిదాకా పోవడానికి ఎంతో సేపు పట్టలేదు. ఒక్కొక్కరే ఫోర్కు దించారు. తెవెనో ఇంకా అక్కడే ఉన్నాడు, చీజు నములుతూ. మళ్ళీ ఓటు పెట్టమని యూజెనీ లేచి అడిగింది. అందరూ అవునన్నారు. తెవెనో కూడా, అధ్యక్షుడు సరేనంటే తనకు అభ్యంతరం లేదన్నాడు. అందరూ అన్సెల్మ్ వైపు చూశారు.

"ఓటు అయిపోయింది. నచ్చలేదని మళ్ళీ మళ్ళీ ఓటేసుకుంటే ఇక మన మాటకు విలువేముంది? భోంచేయండి, దుంపలు చల్లారిపోతాయి" అన్నాడాయన.

దుంపలు అప్పటికే చల్లారిపోయాయి. మా ఊళ్ళో నేను పళ్ళేలు నిండుగా వెనక్కి తెచ్చిన విందు అదొక్కటే.

తర్వాత మా ఊళ్ళో కౌంటరు వారానికి రెండు పూటలు తెరిచారు. తర్వాత గోడకు డబ్బులిచ్చే యంత్రం పెట్టారు. తర్వాత యంత్రమూ పోయింది. ఇప్పుడక్కడ కుక్కలకు జుట్టు కత్తిరిస్తారు. పట్నం బ్యాంకువాళ్ళు మాకు అప్పులివ్వకపోలేదు, ఇచ్చారు, మర్యాదగానే ఇచ్చారు. కొట్టం చూడ్డానికి మాత్రం ఎవరూ రాలేదు. గాడి శుభ్రం చేసిన రోజున మారియుస్ ఇప్పటికీ గేటు వైపు చూస్తాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఓ పొద్దున అన్సెల్మ్ నా లారీ ఎక్కాడు. మోకాళ్ళు పనిచేయక పట్నం వైద్యుడి దగ్గరికి. వంతెన దాటాక అన్నాడు, "మనిషికో ఓటని ఊరందరికీ చెప్పాను. అధ్యక్షుడు కూడా మనిషే కదరా. నా ఓటు నాకుంది. 'వ్యతిరేకులు' అని అడిగి, ముందు నేనే ఎత్తాల్సింది. ఒక్క చెయ్యి లేస్తే..."

 నేను గేరు మార్చాను.

అప్పటినుంచి పట్నం బ్యాంకు ఏటా జరిపే సభలకు ఆయన తప్పకుండా వెళ్ళేవాడు, ఒడిల్ చేయి పట్టుకుని. ఏ తీర్మానం చదివినా ఆ పెద్ద చెయ్యి పైకి లేచేది. అక్కడి అధ్యక్షురాలు మంచిది. "పెర్నే గారూ, ఇది కిందటేడు సభ వివరాలకు ఆమోదం. దీనికి కూడా వ్యతిరేకమా?" అని అడిగిందట.

"అవునమ్మా."

"కారణం చెబుతారా?"

"కారణం పాతదమ్మా. మీకు సంబంధం లేదు."

చివరి ఏడాది సభలో అందరికీ మీటలున్న చిన్న పెట్టెలు పంచారు. నొక్కితే ఓటు తెర మీద పడుతుంది, చేతులెత్తే పనే లేదు. అన్సెల్మ్ ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని నొక్కలేదు. చెయ్యెత్తాడు. తెర మీద ఏకగ్రీవం అని పడింది. సభ తర్వాతి తీర్మానానికి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి ఇంకా పైనే ఉంటే, నొప్పి పుడుతుందయ్యా అని ఒడిల్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించింది.