రేపల్లె క్లాసు నాది

మా లెక్కల మాస్టారు పోయారని మా కాలేజీ బాపట్ల బ్రాంచి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను తెనాలిలో క్యారేజీ మూత తీస్తున్నాను. క్లాసు చెప్పి స్టాఫ్ రూములోకి వచ్చి, మంచినీళ్ళు అడిగి, గ్లాసు అందేలోపే ఒరిగిపోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు. సాయంత్రం రేపల్లె క్లాసు ఎవరు తీసుకుంటారన్న ఆలోచన వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్లాసు నాది.

ఇంటర్లో నాకు లెక్కలు నేర్పింది ఆయనే. తర్వాత ఆయన దగ్గరే లెక్చరర్నయ్యాను. తెల్లవారకముందే ఆయనకి తెనాలిలో స్టడీ అవర్, అక్కణ్ణుంచి రైలెక్కి పగలంతా బాపట్ల. మా అబ్బాయికి పరీక్షలని రెండు వారాలు రేపల్లెలో నా సాయంత్రం క్లాసు చూడమని నేను అడిగాను. ఆరు నెలలైంది. ఆయన తిరిగి తీసుకోమనలేదు, నేనూ ఊరుకున్నాను. అలిసిపోవడం లేదా అంటే, “అలుపు సున్నాలాంటిదమ్మాయ్, పక్కన ఒకటేసి చూస్తేనే పదవుతుంది” అనేవారు.

ఆదివారమూ సెలవు లేదు. చర్చిలో చివరి బెంచీలో కూర్చుని, ఆరాధన చివర ఇచ్చే ఆశీర్వాదానికి ముందే రైలుకి పరిగెత్తేవారు. నా వంతు పొట్లం కట్టి ఉంచండని పాస్టరు అయ్యగారితో వేళాకోళం. ఆయన్ని పెట్టెలో పెట్టి తెచ్చిన రోజున ఆశీర్వాదం దాకా ఉన్నారు. అది చూడలేకపోయాను.

ఆయనది ఎడమచేతి వాటం. బోర్డు మీద రాసీ రాసీ ఆ చెయ్యి లాగుతోందని కొన్నాళ్ళుగా అనేవారు. మా స్టాఫ్ రూములో అందరికీ భుజం నొప్పే, ఎవరు రాసే చెయ్యి వాళ్ళకి. కాబట్టి ఎవరం అనుమానపడలేదు. నేనే నొప్పుల మందు కొనిచ్చి, బాగా మర్దనా చేసుకోమన్నాను. ఏదో సేవ చేశాననుకున్నాను కూడా.

తర్వాత ఒక డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి ఆ చేతి నొప్పి గురించి అడిగాను.

“అది గుండె నొప్పి అయ్యుండొచ్చమ్మా. ఏళ్ళ తరబడి ఇన్నేసి గంటలు పనిచేస్తే గుండెపోటుకీ పక్షవాతానికీ ముప్పు పెరుగుతుంది. అలాగని దానివల్లే పోయారని నేను చెప్పలేను” అన్నారాయన.

నాకేమీ తేలలేదు. నా క్లాసు లేకపోతే బతికేవారా? మందు కొనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే? ఆయనే కదా పని మానలేని మనిషి అని ఒక పూట సర్దిచెప్పుకుంటాను, మర్నాటికి ఆ మాటే నేరంలా వినిపిస్తుంది. ఎన్నిసార్లు చేసినా ఒకే జవాబు రాని లెక్క ఇది.

ఉండబట్టలేక మేడమ్‌గారికి, అంటే ఆయన భార్యకి, ఆ క్లాసు నాదని చెప్పేశాను.

“నీదా? తనే అడిగి తీసుకున్నానన్నారే నాతో” అన్నారావిడ.

నన్ను ఎందుకు కాపాడారో, లేక నిజంగానే ఆ క్లాసు ఆయనకిష్టమో, ఇక ఎవరినడగను? కాలేజీవాళ్ళు ఆ క్లాసు మళ్ళీ నన్నే తీసుకోమంటున్నారని కూడా చెప్పాను.

“వెళ్ళమ్మా, పిల్లలేం చేశారు? కానీ కూర్చుని చెప్పు. నేనెంత చెప్పినా ఆయన విన్లేదు” అన్నారు.

సోమవారం రేపల్లె వెళ్ళాను. పిల్లలు లేచి నిలబడ్డారు. కూర్చోమన్నాను. నేనూ కూర్చుందామని చుట్టూ చూశాను. మా కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళకి కుర్చీ వెయ్యరు.