అద్దె కుండీలు, గాజు కిటికీలు

కడియం దగ్గర కాలేజీ పెట్టినవాళ్ళకి ఒక సుఖం ఉంది. పచ్చదనం కావలసినప్పుడు లారీలో వస్తుంది, అవసరం తీరాక అదే లారీలో పోతుంది. మా ఇంజనీరింగ్ కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోందంటే ముందురోజు పొద్దున్నే కడియం నర్సరీ నుంచి అద్దె కుండీలు దిగేవి. క్రోటన్లు, పామ్ మొక్కలు, అప్పుడే విచ్చిన బంతి మొక్కలు గేటు నుంచి ప్రిన్సిపాల్ గారి గది దాకా రెండు వరుసలుగా నిలబడేవి. కమిటీ కారు రోడ్డెక్కగానే కుండీలు లారీ ఎక్కేవి. సిమెంటు మీద తడి గుండ్రాలు కాసేపు మిగిలి ఎండకి ఆరిపోయేవి. నేను చేరిన కొత్తలో ఇది చూసి నవ్వుకున్నాను. "ఆయ్, మనకే కాదండి, చుట్టుపక్కల అన్ని కాలేజీలకీ ఇవే మొక్కలండి" అని మా అటెండర్ గర్వంగా చెప్పాడు.

ఆ కాలేజీలో నేను కంప్యూటర్ సైన్సు చెప్పేదాన్ని. ల్యాబ్ కూడా నా చేతికిందే ఉండేది. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. కొబ్బరితోట కొట్టేసిన చోటల్లా ఒక కాలేజీ లేస్తున్న రోజులు. మా ల్యాబ్‌లో ఉన్నవి ఇంకెవరో వాడి వదిలించుకున్న పాత మిషన్లు. కాపీ డిస్కుతో ఎక్కించిన విండోస్ వాటి మీద వారానికోసారి వైరస్ పట్టి మూలపడేది. నేను అంతా చెరిపేసి, దాని బదులు ఊరికే దొరికే లినక్స్ ఎక్కించాను. ఖర్చు లేని పని కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. ఆ పాత మిషన్లే ఎంత చలాకీగా పనిచేశాయంటే, పిల్లలు కాలేజీ బస్సు హారన్ కొట్టేదాకా కుర్చీల్లోంచి లేచేవారు కాదు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చింది. వాళ్ళది చేపలవేట కుటుంబం. కాలేజీలో చేరేదాకా కీబోర్డు ముట్టుకోలేదు. రెండో ఏడాది తిరక్కుండా ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కి కబురు పంపే ప్రోగ్రాం రాసింది. గదికి ఈ చివర తను టైపు చేస్తే ఆ చివర తెర మీద "బాగున్నారా అండీ" అని ఇంగ్లీషు అక్షరాల్లో పడింది. గదంతా ఒకటే గోల. ఆ రోజు నుంచీ ఆ ల్యాబ్ మీద నాకు మమకారం ముదిరిపోయింది. ఈ గది ఇలాగే ఉంటే చాలు, జీతం పెంచకపోయినా ఊరుకుంటాననుకున్నాను. ఆ రెండో మాట మేనేజ్‌మెంటుకి ఎలా వినబడిందో గాని, దాన్ని మాత్రం వాళ్ళు తప్పకుండా పాటించారు.

తనిఖీకి కొన్ని రోజుల ముందు ప్రిన్సిపాల్ గారు ల్యాబ్‌లోకి తల పెట్టి ముఖం చిట్లించారు.

"ఏంటండీ మేడం, మిషన్లన్నీ చచ్చిపోయినట్టున్నాయి?"

"పనిచేస్తున్నాయి సార్. పిల్లలు ప్రోగ్రాములు రాస్తున్నారు."

"రాస్తున్నారు, బానే ఉందండీ. చూసేవాళ్ళకి ఏం కనబడుతుంది? కమిటీవాళ్ళు ఈ నల్ల తెరలు చూశారంటే అన్నీ పాడైపోయాయనుకుంటారు. మీరేం చేస్తారో నాకు తెలీదు, ల్యాబ్ కళకళ్ళాడాలి. లేదంటే ఇదంతా తీయించేసి మళ్ళీ విండోసే పెట్టించేస్తాను. సెక్రటరీ గారు ముందునుంచీ అదే అంటున్నారు."

కళకళ్ళాడించడం ఎలాగో నాకు తెలుసు. లినక్స్‌లో అప్పుడే డెస్క్‌టాప్ ఎఫెక్టులని కొత్తగా వచ్చాయి. తెరిచిన విండో గాజులా పల్చబడి దాని వెనకున్న బొమ్మ కనబడుతుంది. పట్టుకుని లాగితే జున్నుముక్కలా ఊగుతుంది. తెర మొత్తం ఒక పెట్టెగా మారి గిర్రున తిరుగుతుంది. వాటివల్ల ఒక్క ప్రోగ్రాం కూడా మెరుగ్గా నడవదు, కానీ చూసినవాడు నోరు తెరవకుండా ఉండలేడు. పైన పటారం లోన లొటారం అంటారు. మా ల్యాబ్‌లో లోన లొటారం లేదు కదా, పైన కాస్త పటారం పెడితే పోయేదేముందనుకున్నాను.

ఆ పాత మిషన్లు దీన్ని మొయ్యలేవు. కాలేజీలో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న మిషన్ ఒక్కటే ఉంది, అది ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పేకాట ఆడుకోవడానికి ఉండేది. దాన్ని ల్యాబ్‌కి తెప్పించాను. కాలేజీ నెట్ నత్త నడక కాబట్టి రాజమండ్రిలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని కావలసినవన్నీ సీడీలోకి దించుకున్నాను. ఒక ప్యాకేజీ ఎక్కిద్దామంటే ఇంకోటి ఉంటేగాని రానంటుంది, ఆ ఇంకోటి మరోదాన్ని వెంటబెట్టుకొస్తుంది. పెళ్ళికి ఒకర్ని పిలిస్తే వాళ్ళ వియ్యాలవారిని కూడా పిలవాల్సి వచ్చినట్టు. అన్నీ కుదిరాక గ్రాఫిక్స్ డ్రైవర్ సెట్టింగుల ఫైల్లో ఒక లైను చేర్చాలి. అందులో అక్షరం అటూఇటూ అయితే తెరే రాదు. ప్రిన్సిపాల్ గారు భయపడిన నల్ల తెర అప్పుడు నిజంగానే వచ్చింది, ఒకటికి రెండుసార్లు. తప్పు వెతికి దిద్ది మళ్ళీ మొదలుపెట్టాను. ఆల్ట్ బటన్ నొక్కి మౌస్ చక్రం తిప్పగానే విండో మెల్లగా పల్చబడి, వెనకనుంచి గోదావరి మీద రైలు వంతెన బొమ్మ తేలింది. అందంగా లేదని అబద్ధం చెప్పను. పిల్లలు వెనక మూగారు, నాకూ సరదా వేసింది.

ఆ చేపలవేట వాళ్ళ అమ్మాయి మాత్రం కాసేపు చూసి, "ఇది దేనికండీ మేడం?" అంది. కమిటీవాళ్ళు చూడ్డానికమ్మా అన్నాను. "ఓహో, కుండీల్లాగానాండీ" అని తన సీట్లోకి వెళ్ళిపోయింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

తనిఖీ రోజు పూతరేకులు, కాజాలు పళ్ళేల్లో తిరిగాయి. పులస చేప దొరికే రోజులు కావని సెక్రటరీ గారు కమిటీ పెద్దకి క్షమాపణ చెప్పుకున్నారు. వాళ్ళు ల్యాబ్‌లోకి వచ్చేసరికి పిల్లలందరూ నల్ల తెరల ముందు నిఠారుగా కూర్చున్నారు. కబురు పంపే ప్రోగ్రాం సిద్ధంగా పెట్టాను. కమిటీ పెద్ద దానివైపు చూడనైనా లేదు. తిన్నగా తిరిగే పెట్టె దగ్గరికి వచ్చి, "మళ్ళీ తిప్పండి" అన్నారు. తిప్పాను. విండోని పట్టుకుని ఊపి ఊపి చిన్నపిల్లాడిలా నవ్వారు. "చాలా అడ్వాన్స్‌డ్‌గా ఉందండీ మీ ల్యాబ్" అన్నారు. ప్రిన్సిపాల్ గారు చేతులు కట్టుకుని, "అంతా మీ దయండి" అన్నారు. ల్యాబ్ నిలబడిందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను.

నిలబడలేదు. మర్నాడే సెక్రటరీ గారి నుంచి కబురొచ్చింది. ఆ ఎఫెక్టులు అన్ని మిషన్లలోనూ పెట్టాలి, ఎప్పుడూ ఉంచాలి. వెనక వంతెన బొమ్మ బదులు వాళ్ళ నాన్నగారి ఫోటో పెట్టాలి. కాలేజీ ఆ పెద్దాయన పేరు మీదే ఉంది. పెద్ద మీసాలాయన, మెడలో కండువా, ఆఫీసు గదిలో దండతో ఉండే ఫోటోయే. మా వైపు పెద్దల ఫోటో లేకుండా ఏ మంచిపనీ మొదలవ్వదు కాబట్టి సెక్రటరీ గారు కోరింది ఎవరికీ వింతగా తోచలేదు. పెట్టె తిరిగినప్పుడు పెద్దాయన ఒక్కోసారి తలకిందులవుతారని నేను చెబితే, "అలా అవకుండా తిప్పండి" అని మళ్ళీ కబురు పంపారు.

"పాత మిషన్లు మొయ్యలేవు సార్" అని ప్రిన్సిపాల్ గారితో మొత్తుకున్నాను.

"ఒకదాంట్లో తిరిగింది మిగతావాటిలో ఎందుకు తిరగదండీ? అన్నీ కంప్యూటర్లే కదా."

నాకు కావలసినంత నోరుంది. వాదించాను. ఆయన వాచీ చూసుకున్నారు. చివరికి ఎక్కించక తప్పలేదు. మిషన్లు ఎడ్లబండి నడకకి దిగాయి. విండోలు గాజులా ఉండటంతో పిల్లలు రాసే ప్రతి లైను వెనకా పెద్దాయన మీసం ఉండేది. సెమీకోలన్ పెట్టారో లేదో మీసం అంచు దగ్గర తెలిసేది కాదు. అందుకని మాలో మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. మామూలు రోజుల్లో ఎఫెక్టులు ఆపేసి పని చేసుకోవడం, సెక్రటరీ గారు వస్తుంటే అటెండర్ వరండాలో దగ్గడం, మేం వెంటనే ఆన్ చెయ్యడం. ఏడాదంతా ఆ మనిషికి ఒకటే దగ్గు. పాపం డాక్టర్ దగ్గరికి వెళ్ళమని ప్రిన్సిపాల్ గారే ఒకసారి సలహా ఇచ్చారు.

ప్రాక్టికల్ పరీక్ష రోజు దగ్గు పనిచెయ్యలేదు. బయటనుంచి వచ్చిన ఎగ్జామినర్ని సెక్రటరీ గారే స్వయంగా ల్యాబ్‌లోకి తీసుకొచ్చి, తిరిగే పెట్టెలన్నీ చూపించి, అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఏ మిషన్లోనూ ఎఫెక్టులు ఆపడానికి లేదు. పిల్లలు కోడ్ రాసేదాకా ఎలాగో లాక్కొచ్చాయి. అందరూ ఒక్కసారి ప్రోగ్రాములు నడపడం మొదలుపెట్టేసరికి మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుపోయాయి. కొన్నిట్లో పెట్టె సగం తిరిగి ఆగింది, పెద్దాయన ముఖం సగమే కనబడుతోంది. నేను పరుగులు పెట్టి ఒక్కోటీ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. కొందరి పని దక్కింది, కొందరిది పోయింది. ఆ అమ్మాయిది పోయింది.

"రాశానండీ. నడిచిందండీ. మేడం గారు చూశారండీ" అంది ఎగ్జామినర్‌తో.

"అవుట్‌పుట్ లేకుండా మార్కులు ఎలా వెయ్యనమ్మా?" అన్నాడాయన.

నేను చూశానని చెప్పాను. మళ్ళీ రాయడానికి టైమివ్వమని అడిగాను, బతిమాలాను కూడా. ఆయనకి రైలు టైమవుతోంది. సెక్రటరీ గారి ఎదుట ఎఫెక్టుల వల్లే ఇలా అయిందని గట్టిగా అనేశాను. సెక్రటరీ గారు నా వైపు చూడకుండా, గుమ్మంలో నిలబడ్డ ప్రిన్సిపాల్ గారి వైపు చూశారు. ప్రిన్సిపాల్ గారు, "ఆ లినక్స్‌తో ఎప్పుడూ ఇదే గొడవండీ" అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆ మాట నేను పైకే అన్నాను.

ఆ అమ్మాయి ల్యాబ్ తప్పింది. ఎండాకాలం సెలవుల్లో రాజమండ్రి నుంచి ఒకతను వచ్చి మిషన్లన్నీ చెరిపేసి కాపీ డిస్కుతో విండోస్ ఎక్కించాడు. పాస్‌వర్డులు చెప్పడానికి నన్ను పిలిపించి పక్కన కూర్చోబెట్టారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఏమిటో ఫ్యాను కింద కూర్చుని పూర్తిగా చూశాను. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. కళకళ్ళాడాలన్నది వాళ్ళు, ఆపవద్దన్నది వాళ్ళు, ఆరిపోయాక తప్పు లినక్స్‌ది. తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ ప్రాక్టికల్ రాసింది. రికార్డులోని ప్రోగ్రాం బట్టీపట్టి తు.చ. తప్పకుండా దించేసింది, మంచి మార్కులే వచ్చాయి. కబురు పంపే ప్రోగ్రాం సంగతి నేను అడగలేదు, తనూ ఎత్తలేదు. బస్సు హారన్ కొట్టకముందే గేటు దగ్గర నిలబడటం మాత్రం చూశాను.

మరుసటి తనిఖీ వచ్చింది. కడియం లారీ వచ్చింది. నేను వరండాలో నిలబడి కుండీలు దిగడం చూస్తుంటే ప్రిన్సిపాల్ గారు నవ్వుతూ దగ్గరికొచ్చారు.

"మేడం, ఆ తిరిగే పెట్టె ఒక్క మిషన్లో పెట్టాలండీ. కిందటిసారి వచ్చిన కమిటీ పెద్దే వస్తున్నారు. ఫోన్లో ప్రత్యేకంగా అడిగారు."

"అది లినక్స్ సార్. మీరే తీయించేశారు."

"ఒక్కరోజుకేనండీ. మర్నాడు తీసేద్దురుగాని."

"కడియంలో అద్దెకి దొరుకుతుందేమో కనుక్కోండి సార్" అన్నాను. అటెండర్ చేతిలో కుండీతో అలాగే ఆగిపోయాడు. ఇవాళ్టితో ఉద్యోగం సరి అనుకున్నాను, అదీ మంచిదే అనిపించింది.

ప్రిన్సిపాల్ గారికి కోపం రాలేదు. హాయిగా నవ్వారు.

"అద్దెకెందుకండీ, మీరున్నారు కదా!"

అందులో వెటకారం వీసమెత్తు లేదు. నన్ను మెచ్చుకుంటున్నాననే ఆయన అనుకున్నారు. ఆ క్షణంలో రాజీనామా చేసి వచ్చేశానని రాసుకోగలిగితే బాగుండేది. ఇంట్లో పొయ్యి నా జీతం మీదే వెలిగేది. మిషన్లో ఏమీ ఎక్కించకుండా డిస్కు మీంచే నడిచే లినక్స్ ఒకటి ఉంది, అది పట్టుకెళ్ళి పెట్టె తిప్పి చూపించాను. కమిటీ పెద్ద మళ్ళీ తిప్పమన్నారు, మళ్ళీ తిప్పాను. సాయంత్రం కుండీలు లారీ ఎక్కుతుంటే డిస్కు బయటికి తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బస్సెక్కాను.