పటమెక్కిన లింగమూర్తి

మా లింగమూర్తి అన్న ముఖం మీరు చూసే ఉంటారు. కరీంనగర్ బస్టాండు ముందు, జమ్మికుంట పత్తి మార్కెట్ గేటు పక్కన, సిరిసిల్ల ఆటోల వెనకాల, ఎక్కడ చూసినా ఫ్లెక్సీల మీద ఆ తెల్ల మీసమూ ఎర్ర రుమాలూ ఉండేవి. కింద తాటికాయంత అక్షరాలతో ‘పల్లెపదం, ప్రతి ఆదివారం పొద్దున ఏడు గంటలకు’ అని. ఆ రుమాలు వెనకాల సగం చెవీ, కొంచెం చెంపా కనిపించేవి. అవి నావి. నా పేరు దేవదాస్. నలభై ఏళ్లు ఆయన పక్కన కూర్చొని హార్మోనియం వాయిస్తూ, ఆయన చెప్పిన ప్రతి మాటకూ ఊ కొట్టిన వంతగాణ్ణి. ఆ సగం చెవి సంగతి చెప్పకుండా ఆయన కథ చెప్పలేను. ఆయన్ని ముంచింది అదే.

మాది పటం కథ. నలభై మూరల గుడ్డ మీద సాలోళ్ల, అంటే నేతవాళ్ల, కులపురాణమంతా బొమ్మలుగా గీసి ఉంటుంది. రెండు గుంజల మధ్య దాన్ని వేలాడదీసి, వరుస తరువాత వరుస విప్పుతూ, కర్రతో బొమ్మను చూపిస్తూ కథ చెప్పాలి. లింగమూర్తి అన్న బొమ్మల వైపు తిరిగేవాడు కాదు. ముఖం జనానికి, వీపు పటానికి. కర్ర మాత్రం వెనక్కి పోయి సరిగ్గా బొమ్మ మీదే ఆగేది. తొమ్మిదో ఏట వాళ్ల బాపు వెనక పటం మోస్తూ నేర్చుకున్న విద్య అది. మరమగ్గాలొచ్చి, కథ చెప్పించుకునే ఇళ్లవాళ్లు సగం మంది మగ్గాల పనికి భీవండి పోయిన రోజుల్లో ఆయన షెడ్డులో కండెలు చుట్టాడు గానీ పటాన్ని అటక ఎక్కించలేదు. పటం వైపు ఎవడైనా కాళ్లు చాపి పడుకున్నాడా, పెద్దా చిన్నా లేదు, మడమ మీద కర్రతో ఒకటి పడేది. నాకూ పడ్డాయి.

ఆరేళ్ల కిందట కరీంనగర్లో చిన్న టీవీ చానల్ నడిపే సంపత్ మమ్మల్ని పట్టుకున్నాడు. ‘పల్లెపదం’ అని జానపదాల ప్రోగ్రాం పెడితే దానికి ముఖం కావాలన్నాడు. ముఖం అన్న, సగం చెవి నేను. ప్రోగ్రాం బాగానే పోయింది. నిరుడు వచ్చి, పటం మసకబారింది, కెమెరాకు ఆనడం లేదు, కొత్తది గీయిద్దామన్నాడు.

కొత్తది విప్పాలంటే ముందు పాతదానికి చావు చేయాలి. గుడ్డకు పాడె ఏమిటని నవ్వేవాళ్లు నవ్వనీ. కళ్లు తెరిచిన బొమ్మ మాకు బతికిన మనిషి కింద లెక్క. చింపి పారేయం, పొయ్యిలో పెట్టం. ధర్మపురి తీసుకెళ్లి, చివరిసారి కథంతా చెప్పి, ఒక్కో బొమ్మను పేరు పెట్టి పిలిచి, వంతగాడు ఊ కొట్టిన తరువాత గోదావరిలో వదులుతాం. పదకొండో రోజు అన్నం పెడతాం. పాత పటానికి అలాగే చేశాం. అన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కొత్త పటానికి చేర్యాలలో పటాలు గీసే నకాషీ ఆయన్ని మాట్లాడినప్పుడు సంపత్ ఇంకో ముచ్చట తెచ్చాడు.

“కాకా, ఆఖరి వరుసల మీ ఇద్దరి బొమ్మలు గూడ గీపిద్దాం. ప్రోగ్రాంకు మీరే కద మొఖం.”

“వద్దు బిడ్డా,” అన్నాడు అన్న. “బతికినోళ్లను పటం ఎక్కియ్యద్దు. పటమెక్కినోడు పటంతోనే పోవాలె.”

సంపత్ ఊరుకున్నాడు. ఊరుకోనిది నేను. ఇంటికి పోయి నకాషీ ఆయనకు ఫోన్ చేసి, గీయమని చెప్పాను. రెండు చెవులతో, నిండు ముఖంతో ఒక్కసారి జనానికి కనబడాలని కోరిక. అంతే. డెబ్భైకి దగ్గరపడ్డవాడికి ఇదేం పాడు బుద్ధి అని మీరు తిట్టుకోవచ్చు. నేను రోజూ తిట్టుకుంటున్నాను.

“గీస్త గని కండ్లు పెట్ట,” అన్నాడాయన. “గా పాపం నాకద్దు.”

ఆయన ఉపవాసముండి, కొబ్బరికాయ కొట్టి, దేవుళ్లందరికీ కళ్లు తెరిచిన రోజు ఆఖరి వరుస అన్న కంట పడకుండా చుట్టే ఉంచేలా నేను చూసుకున్నాను. రికార్డింగ్ రోజు అన్న మేకప్ గదిలో ఉండగా, లైట్లు సరిచూడడానికి పటమంతా విప్పారు. కింద మేమిద్దరం. అచ్చం మేమే. కళ్లుండాల్సిన చోట రెండు తెల్ల గుంటలు.

“గుడ్డి మొఖాలు పెడితే జనం జడుసుకుంటరు కాకా,” అని సంపత్ నా చేతిలో కాటుక పెన్సిల్ పెట్టాడు.

నేను అప్పుడే చాయ తాగి, మిరపకాయ బజ్జీ తిని ఉన్నాను. కాళ్లు కూడా కడుక్కోలేదు. నలభై ఏళ్ల అలవాటు, ఏదైనా ముందు అన్నకే. ఆయన బొమ్మకు రెండు చుక్కలు పెట్టాను. నా బొమ్మ మీద పెన్సిల్ ఆనించబోతుంటే అన్న వస్తున్నాడని ఎవరో అరిచారు. గబగబా పటం చుట్టేశారు.

కథ చివరికొచ్చింది. ఆఖరి వరుస విప్పారు. తన చేయి ఎరగని వరుస గనుక ఆ రోజు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. కర్ర గాలిలోనే ఆగిపోయింది. కెమెరా నడుస్తోంది కాబట్టి కథ ఆపలేదు. మంగళం పాడి, కర్ర నా ఒళ్లో పెట్టి, గోడ పట్టుకొని నడిచాడు.

ఆ వారంలోనే చూపు పోయింది. కరీంనగర్లో కంటి డాక్టరు లైటు వేసి చూసి, కంట్లో ఏ దోషమూ లేదు, కనబడకపోవడానికి కారణమే లేదన్నాడు. అయినా అన్న రికార్డింగులకు వచ్చేవాడు. కర్ర ఒక్క బొమ్మ కూడా తప్పేది కాదు. ఒకరోజు స్టూడియోలో నా చేయి పట్టుకొని మెల్లగా అన్నాడు.

“దేవదాసూ, నాకు కెమెరా కనబడ్తలేదురా. నా వీపు కనబడ్తుంది. రుమాలు వెనుక ముడి వదులైంది, జర గట్టిగ కట్టు.”

చూశాను. ముడి వదులయ్యే ఉంది. పటం వైపు చూడకుండా బిగించి కట్టాను.

తరువాత ఒక మధ్యాహ్నం సిరిసిల్లలో ఆయన ఇంటికి వెళ్లాను. పటం అక్కడెక్కడో కరీంనగర్ స్టూడియోలో, మొదటి రికార్డింగు రోజు విప్పింది విప్పినట్టే వేలాడుతోంది. వదినె కమలవ్వ నాకు చాయ పోస్తోంది. కుర్చీలో గోడకేసి చూస్తూ కూర్చున్న అన్న ఉన్నట్టుండి, “ఛీ, బుద్ధిలేని పోరడు! పకోడి తిన్న చెయ్యి పటానికి తుడుస్తుండు!” అని తిట్టాడు.

నేను వెంటనే సంపత్‌కు ఫోన్ చేశాను. “ఏం చేస్తున్నవ్ సంపత్?”

“ఏం లేదు కాకా, పకోడి తింటున్న. ఏంది?”

“చెయ్యి దేనికి తుడిచినవ్?”

ఫోన్ కట్టయింది. వాడు హడలిపోయి పటం చుట్టి బీరువాలో పెట్టాడని మాకెలా తెలిసిందంటే, మిట్టమధ్యాహ్నం, తలుపులన్నీ తెరిచి ఉండగా, అన్న ఒక్కసారిగా కేక పెట్టాడు.

“సుట్టిండ్రురా! సీకటి! వాని గుడ్డ పాడుగాను, ఊపిరి ఆడ్తలేదు! నా వీపుకు ఆయన ఆనుకున్నడు, దున్నపోతు మీద ఆయన! దాని ఊపిరి నా మెడ మీద తగులుతుంది దేవదాసూ!”

ఆఖరి వరుసకు పై వరుసలో ఉన్నది ఆయనే, పాశం పట్టుకొని దున్నపోతు మీద వచ్చేవాడు. చుట్టినప్పుడు ఆయన బొమ్మ ముఖం సరిగ్గా మా బొమ్మల వీపుకు తగులుతుంది. నాకు తెలియక కాదు, నలభై ఏళ్లు పటం చుట్టినవాణ్ణి. నేను ఫోన్ మీద ఫోన్ చేసి, సంపత్‌ను బతిమాలి తిట్టి, పటం విప్పించేదాకా అన్న రొప్పుతూనే ఉన్నాడు. వదినె ఆయన మెడ తుడిచింది. చెమట కాదది, మెడంతా పశువు ముట్టె తగిలినట్టు జిగటగా ఉంది.

మర్నాడు నేను స్టూడియోకు పోయి, తడి దూదితో ఆ చుక్కలు తుడవబోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. రెండుసార్లు రుద్దానో లేదో వదినె ఫోన్. “మీ అన్న కండ్లు మండుతున్నయని మొత్తుకుంటుండు, ఏం జేస్తున్నవ్ ఆడ?” దూది పారేశాను. చుక్కలు చెక్కుచెదరలేదు.

ఇక దాచలేకపోయాను. ఇంటికి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చొని అంతా చెప్పేశాను. గీయించింది నేనే, కళ్లు తెరిచిందీ నేనే అన్నాను.

“ఎర్కేరా,” అన్నాడు అన్న. “గీ కండ్లతోని మొట్టమొదలు చూసింది నిన్నే. చేతిల పెన్సిల్ పట్టుకొని ఉన్నవ్.”

అన్నీ తెలిసి నాతో అన్ని రికార్డింగులకు వచ్చాడా మనిషి! నాకు ఏడుపాగలేదు. పటం నా ఇంట్లో వేలాడదీస్తాను, బతికున్నంత కాలం చుట్టనివ్వను అన్నాను.

“ఎన్నేండ్లు? రేపు నేను సచ్చిపోత. గీ కండ్లు మూస్తరు. గా కండ్లు ఎవరు మూస్తరు? నన్ను బొందల పెట్టినంక గూడ ఎవని గోడకో ఉండి చూస్తనే ఉండాల్నా? చావుకు భయం లేదురా నాకు. గదే భయం.” నా చేయి వెతికి పట్టుకున్నాడు. “పటానికి చావు చెయ్యి. నేను నన్ను పిలుచుకోవద్దు. నువ్వు కథ చెప్పు, నేను ఊ కొడ్త. నీ బొమ్మను పిలువకు, దానికింకా కండ్లు రాలే.”

సంపత్‌ను అడగాల్సిన పని లేకపోయింది. పటాన్ని ఆఖరి వరుస పైకి కనబడేలా మడిచి, తనే తెచ్చి మా గడపలో పెట్టి, లోపలికి కూడా రాకుండా పోయాడు.

వదినె మడత నలగని ధోవతి తీసి ఆయనకు కట్టింది. నా వైపు చూసి, “నీ చెవి కోసం నా పసుపుకుంకుమలు తీస్తివి గదరా,” అంది. పటం ఎత్తి వ్యాన్ ఎక్కించాను. వ్యాన్‌లో ఏదో ఒకటి అనాలి కాబట్టి, “ధర్మపురి పోయినోనికి యమపురి లేదంటరు గదన్నా,” అన్నాను.

“పోయెటోన్ని నేను. నీకెందుకురా ఫికర్?” అని నవ్వాడు. నా భుజం మీద చేయి వేసి, దారి పొడుగునా తీయలేదు.

ధర్మపురి చేరేసరికి పొద్దున ఎనిమిదయింది. వెదురు పాడె మీద పటం పెట్టి, బుక్కా గులాల్ చల్లి, మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డాను. అన్న మెట్టు మీద, పక్కన వదినె. జీవితంలో మొదటిసారి నేను కథ ఎత్తుకున్నాను. శ్రుతి మరీ పైన పడింది.

“గట్ల కాదురా, కిందికెల్లి ఎత్తుకో,” అని గదిమాడు. మళ్లీ ఎత్తుకున్నాను. ఆయన ఊ కొట్టాడు. ఎంత బాగా కొట్టాడనుకున్నారు! ఎక్కడ నాకు ఊపిరి అందదో అక్కడ ఊ, ఎక్కడ మాట మరిచిపోతానో అక్కడ ఊ. వరుస వరుసనా దేవుళ్లందరినీ పిలిచాను. దున్నపోతు మీద ఆయన్ని కూడా పిలిచాను. ఇక ఒక్క పేరు మిగిలింది. పటం సగం నీళ్లలోకి దించాను. అక్కడే పట్టుకొని నిలబడ్డాను.

“నీళ్లు కనబడ్తున్నయిరా,” అన్నాడు అన్న మెట్టు మీద నుంచి. “నువ్వు గూడ కనబడ్తున్నవ్. మొఖం మొత్తం. రెండు చెవులతోని. పిలువు.”

“సిరిసిల్ల లింగమూర్తీ!” అని పిలిచాను.

ఊ అని వచ్చింది. మెట్టు మీద నుంచి కాదు. నా రెండు చేతుల మధ్య నుంచి, తడిసిన గుడ్డ మడతల్లోంచి వచ్చింది. నేను చేతులు వదిలేశాను. వెనక వదినె ఏడుపు వినబడింది. తిరిగి చూసేసరికి అన్న తల ఆమె భుజం మీద ఉంది. కళ్లు మూసుకునే ఉన్నాయి, ఎవరూ మూయాల్సిన పని లేకుండా.

ఇప్పుడు కరీంనగర్ బస్టాండు ముందు ఫ్లెక్సీలో నేనొక్కణ్ణే. నిండు ముఖం, రెండు చెవులు. దాని కింద నుంచి పోవాల్సి వస్తే తల దించుకొని పోతాను. వదినె మాట్లాడదు, అయినా నెలకోసారి వెళ్లి గడపలో కూర్చొని వస్తాను. ఆ తరువాత గీయించిన పటంలో బతికున్న మనిషి బొమ్మ లేదు. నా కథకు వంతగాడు దొరకలేదని సంపత్ దిగులుపడి, పాత రికార్డింగుల్లోంచి ఊ తీసి అతికిస్తానన్నాడు. ఒరే, వాటిల్లో ఊ కొట్టింది నేను కదరా అన్నాను. అన్న కొట్టిన ఊ ఒక్కటి కూడా లేదు. నలభై ఏళ్లు నేను ఆయనకు కొట్టాను. ఆయన నాకు కొట్టింది ఒక్క పొద్దుటిపూట, అదీ ఎవరూ రికార్డు చేయలేదు.

కథ చెప్పేటప్పుడు మాట మాటకూ కాసేపు ఆగుతాను. “ఎందుకాగుతున్నవ్ కాకా, కట్ చెయ్యాల్నా?” అంటాడు సంపత్.

వద్దురా, ఉండనీ అంటాను.