ఆపకుండా తీసిన కాపీ

కంప్యూటర్‌కి ఏ ఆదేశం కొట్టినా ఎంటర్ నొక్కే ముందు పెదవులు కదుపుతూ ఒకసారి చదువుకోవడం అతని అలవాటు. లైబ్రరీ కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే. ఆ పని ఎవరూ నేర్పలేదు, చెడగొట్టుకుని నేర్చుకున్నాడు. ఆ రోజు లినక్స్ సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. పుస్తకాల జాబితా ఉండే వర్చువల్ మెషీన్‌ను, అంటే సర్వర్ లోపలే నడిచే మరో కంప్యూటర్‌ను, రెండో డిస్క్‌కు మార్చాలి. దాన్ని ఆపాకే కాపీ చెయ్యాలని అతనికి తెలుసు. కానీ పుస్తకాల వివరాలు ఎక్కించే అక్క, "ఇవాళ ఆపావంటే నీ తాట తీస్తా" అంది. నవ్వేసి, నడుస్తుండగానే కాపీ పెట్టాడు. మధ్యాహ్నం రెండో డిస్క్‌లోని కాపీతో మెషీన్‌ను మళ్లీ నడిపించాడు. సరిచూడకుండానే పాతది చెరిపేశాడు. కాపీ సాగుతున్నంతసేపూ అక్క ఎక్కించిన రెండు వందల పుస్తకాల వివరాలు ఆ కాపీలోకి రాలేదు.

కాసేపటికి అక్కే సర్వర్ గది గుమ్మంలో నిలబడింది.

"పొద్దుటి పనంతా పోయింది తమ్ముడూ. సేవ్ నొక్కడం మర్చిపోయుంటాను. నా బుర్రకి బూజు పట్టింది. నీకు చెడ్డపేరు తెస్తానేమో, ఏమీ అనుకోకు."

అతను తల దించుకుని, సర్వర్ పెట్టెకి బిగిసే ఉన్న స్క్రూని మళ్లీ బిగించాడు.

"పర్లేదక్కా, అందరికీ జరిగేదే" అన్నాడు.

ఆవిడ తేలికపడి నవ్వింది. వెళ్లి, మొదటి పుస్తకం మళ్లీ చేతిలోకి తీసుకుంది.