చిత్తూరులో ఇనుప టోపీకి కాపలా

డెబ్బై ఒకటి యుద్ధం తర్వాతి వేసవిలో మా లారీ చిత్తూరులో దిగింది. కొద్దిమంది జవాన్లం, ఒక సుబేదారు. శత్రువు దగ్గర పట్టుకున్న తుపాకులు, రేడియో, తూటా దూసుకుపోయిన ఇనుప టోపీ ఒక హాల్లో బల్లల మీద పేర్చి జనానికి చూపించమని ఆర్డరు. నా ఊరు ఆ పక్కనే పూతలపట్టు కాబట్టి తెలుగులో వివరించే పని నాది. మంచులో నిలబడి వచ్చినవాళ్లం, ఆ ఎండకు చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి.

సుబేదారుగారి ఊరు తడ. అరిస్తే కిటికీలు అదిరేవి. అరిచాక ఆయనే టీ తెప్పించేవారు. ఆయనంటే మాకు ప్రాణం.

ఒక పొద్దున బంగారుపాళ్యం నుంచి ఒకామె వచ్చింది. నేరుగా టోపీ దగ్గరికి పోయి, దానికి కుంకుమ పెట్టి, ముందర కొత్త పంచెల చాపు ఉంచింది. రెండు పంచెలు ఒకే గుడ్డగా నేసిన చాపు. పోయినవాళ్లకు కొత్త బట్టలు పెట్టుకోవడం మా వైపు ఆచారమే.

“ఎవరికమ్మా?” అడిగాను.

“నా కొడుక్కి నాయనా. యుద్ధంలో పోయినాడు. వాణ్ణి ఆడనే దహనం చేసేసినారంట. టోపీ ఈడ ఉండాదని ఊర్లో చెప్పినారు.”

టోపీ కింద చీటీ ఇంగ్లీషులో ఉంది. నేను సుబేదారు వైపు చూశాను.

“చెప్పప్పా. తెలీక పెట్టుకోనీగూడదు,” అన్నారు సుబేదారు.

“అది మనోళ్లది కాదమ్మా. అవతల దేశం సిపాయిది.”

ఆమె బల్లలన్నీ కలియజూసింది. “మరి మనోళ్లది యాడుండాది?”

ఎక్కడా లేదు. గెలిచి తెచ్చినవే పెట్టాం. పోయిన మనవాళ్ల ఊసు ఒక్క చీటీలోనూ లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

సుబేదారు తన ట్రంకుపెట్టె తెరిచి సొట్టపోయిన మగ్గు తెచ్చారు. ఆయన పక్కనే కూలిన జవానుది. వాడికి ఇంట్లో ఎవరూ లేకపోతే తనే దాచుకున్నారు. దాన్ని టోపీ పక్కన పెట్టారు.

“ఇది మనోడిది తల్లీ. నీ కొడుకూ ఇట్లాంటి దాంట్లోనే టీ తాగినాడు.”

ఆమె మగ్గును చాలాసేపు నిమిరింది. చాపు మొత్తం దాని ముందుకు జరుపుతుందనుకున్నాను. కానీ ఆమె టోపీ వైపు చూసింది.

“ఈ పిల్లోనికి వాళ్లమ్మ బట్టలు పెట్టుకునుంటాదా?”

“తెలీదమ్మా,” అన్నాను.

ప్రదర్శన ముగిసి యూనిట్‌కు తిరిగిపోయేటప్పుడు మగ్గు కూడా టోపీ పెట్టెలోనే వెళ్లింది. సుబేదారే పెట్టించారు. కొన్నేళ్లకు నేను పెన్షన్‌తో ఇంటికొచ్చాను. యుద్ధం గురించి చెప్పమని పిల్లలు అడిగితే నాకు కాల్పులు గుర్తురావు. ఆమె చాపును నడుమ పళ్లతో కొరికి, సర్రున రెండుగా చింపి, మగ్గు ముందొకటి, టోపీ ముందొకటి పెట్టి, రెండింటి మడతలూ అరచేత్తో సరిచేయడమే కనిపిస్తుంది.