సార్ పోయిండన్న కబురు

పొద్దు వాలాక కూడా బండరాయి చాలాసేపు చల్లబడదు. ఈమధ్య సాయంత్రం నడకకు యూనివర్సిటీ లోపలికి వెళ్ళి, కాళ్ళు లాగితే ఒక బండ మీద కూర్చున్నాను. చీరలోంచి ఆ వేడి ఒంటికి తగలగానే దేవదానం సారు గుర్తుకొచ్చారు. మాకు లెక్కలు చెప్పిన ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి. నవ్వు తక్కువ, కోపం అంతకన్నా తక్కువ. చొక్కా జేబు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. ఇలాంటి బండనే నల్లబల్ల చేసుకుని, రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ రాసి మా తరగతిని గట్టెక్కించారు.

అరవై తొమ్మిదిలో మాది స్కూలు చదువు ఆఖరి ఏడు. తెలంగాణ ఉద్యమం సాగుతోంది, స్కూళ్ళు నెలల తరబడి మూతపడ్డాయి. మా తరగతిలో సగం మంది లాలాపేట, సీతాఫల్‌మండి పిల్లలు. వాళ్ళ పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి పనులకోసం వచ్చినవాళ్ళు. మిగతా సగం మేము, కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చి తార్నాకలో అద్దెకున్న కుటుంబాల పిల్లలం. ఏళ్ళ తరబడి ఒకే బెంచీల మీద కూర్చున్నవాళ్ళకి మీవాళ్ళు, మావాళ్ళు అనే మాటలు ఆ ఏడే అలవాటయ్యాయి. సారుది తెలంగాణ పల్లె, లాలాపేటలో కాపురం. ఎవరూ అడక్కుండానే ఇల్లిల్లూ తిరిగి మమ్మల్ని పోగేసి, క్యాంపస్‌లో ఆ బండ ముందు కూర్చోబెట్టారు.

ఆయన పద్ధతి ఒకటుండేది. లెక్క చేసినవాళ్ళు దాన్ని ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పాలి. తరువాత అవతలి వైపు వాళ్ళొకరు లేచి అదే లెక్కను తమ తెలుగులో చెప్పాలి. నేను “ఈ రెండు కోణాలూ సమానమండీ” అన్నాను. ఆ “అండీ”కి వెనకవాళ్ళు కిసుక్కుమన్నారు. సారు తల తిప్పకుండానే, “నవ్వుండ్రి. గని లెక్కల తప్పున్నదా, గది చెప్పుండ్రి” అన్నారు. తప్పు లేదు. అప్పుడు లాలాపేట నిర్మల లేచి, “గీ రెండు కోణాలు ఒక్కతీరుగనే ఉన్నయ్ సార్” అంది. ఈసారి మావైపు వాళ్ళు నవ్వారు. అందులో నేనూ ఉన్నాను.

నాన్నగారికి ఇవేమీ పట్టలేదు. ఆయన యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా, సహజంగానే భయస్తులు. నన్ను తెనాలిలో పెదనాన్నగారింటికి పంపేయడానికి టీసీ కోసం దరఖాస్తు రాసి బల్ల మీద పెట్టారు. అక్కడ పాఠాలు వేరు, మళ్ళీ ఏడాది చదవాలి. నా తోటివాళ్ళు పరీక్ష రాసి వెళ్ళిపోతారు, నేను కొత్త ఊళ్ళో చిన్నపిల్లల పక్కన కూర్చోవాలి. ఆ మాటే అన్నాను. “ఏడాది పోతే పోయింది. మనిషి ఉండాలిగా” అన్నారు నాన్నగారు. రెండు రోజులు అన్నం మానేశాను. ఆయన చలించలేదు. సోమవారం దరఖాస్తు ఇస్తానన్నారు.

శనివారం పొద్దున నిర్మల మా గేటు దగ్గరికి వచ్చింది. నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. అమ్మతో ఆ పిల్ల అన్నది ఇంతేనట: “ఇయ్యాల క్లాసు లేదని సుజాతకు చెప్పుండ్రి. సార్ పోయిండు.” ఎప్పుడని అమ్మ అడిగితే, “పొద్దుగాల, ఐదు గంటలకు” అనేసి, ఇంకా నాలుగిళ్ళకు చెప్పాలంటూ పరుగెత్తింది. మా ఇంట్లో మనిషి బజారుకు వెళతాడు, ఊరికి వెళతాడు. పోయాడంటే ఒక్కటే అర్థం. అమ్మ పెరట్లోకి వచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, “మీ మాస్టారు పోయారటే” అంది. నిర్మల మాట నా చెవిన నేరుగా పడుంటే తెలిసేదేమో. అమ్మ దాన్ని మా తెలుగులోకి మార్చేసింది.

నేను ఏడుస్తూంటే నాన్నగారు చొక్కా వేసుకున్నారు. తార్నాక దాటి అడుగు వేయవద్దని మాకు చెబుతున్న మనిషి, “పాఠం చెప్పినాయన పోతే చూడ్డానికి వెళ్ళకపోతే ఎలా?” అన్నారు. దారిలో చామంతి దండ కొన్నారు. లాలాపేట మలుపులో మాత్రం నా చెయ్యి పట్టుకుని, “ఇక్కడ నోరు విప్పకు” అన్నారు చిన్నగా. మా మాటతోనే మేమెవరమో తెలిసిపోతుందని ఆయన భయం.

వెళ్ళేసరికి సారు వాకిట్లో పీట మీద కూర్చుని కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్నారు.

నాన్నగారు దండను వీపు వెనక దాచుకున్నారు. నాకు నోరాగలేదు. “మీరు పోయారని నిర్మల చెప్పింది సార్.”

“పోయిన. ఊరికి పోదామని మల్కాజ్‌గిరి దాంక పోయిన. బండ్లు బంద్ ఉన్నయ్. మల్ల నడుసుకుంట వచ్చిన” అన్నారు. అప్పుడు నా ఉబ్బిన కళ్ళు చూశారు, నాన్నగారి వెనక వేలాడుతున్న పూలు చూశారు. ముందు నవ్వింది వాళ్ళావిడ. సారు నవ్వలేదు. “నిర్మల సరిగనే చెప్పింది. మీరు సరిగనే విన్నరు” అన్నారు.

“క్షమించండి మాస్టారూ, అపశకునం పని చేశాం” అన్నారు నాన్నగారు.

సారు లేచి మెడ వంచారు. “తెచ్చినంక ఎయ్యకుంటె ఎట్ల? బతికుండంగ ఏయించుకునే నసీబు ఎందరికుంటది?”

నాన్నగారు దండ వేశారు. టీ తాగుతున్నప్పుడు సారే కదిపారు. “పిల్లను ఊరికి తోలుతున్నరట.” భయమేస్తోందండీ అన్నారు నాన్నగారు. “నాగ్గూడ భయమే ఉన్నది. మా తమ్ముడు ఉద్యమంల, జులూస్‌ల ఎంట తిరుగుతున్నడు. ఆడు ఇల్లు చేరెదాంక నాకు బువ్వ సయించది” అన్నారు సారు. టీ గ్లాసు కింద పెట్టి, “పిల్లను క్లాసుకు పంపుండ్రి. మల్ల ఇంటికాడ నేనే దిగబెడత” అన్నారు.

తిరిగి వస్తూ లాలాపేట నడివీధిలో నాన్నగారు టీలో అల్లం ఎక్కువైందని గట్టిగా, మా తెనాలి యాసలోనే మాట్లాడారు. సోమవారం ఆ దరఖాస్తు బల్ల మీదే ఉంది. దాని వెనకవైపు నేను లెక్కలు చేసుకున్నాను.

పరీక్షలు ఆలస్యంగానైనా జరిగాయి. ఆఖరి రోజు సారు మా అందర్నీ బండ దగ్గరికి పిలిచి, స్కూలు గురించి తలా ఒక మాట, అదీ అవతలివాళ్ళ తెలుగులో చెప్పమన్నారు. నిర్మల లేచి చేతులు కట్టుకుని, “ఇకమీదట మా సారు ఎక్కడికైనా వెళతారండీ, పోరండీ” అంది. అంతా పడీపడీ నవ్వాం. నా వంతు వచ్చింది. “యాదికుంటది సార్” అన్నాను.

తరువాత కాలేజీ, ఉద్యోగం, పెళ్ళి. చాలా ఏళ్ళు తార్నాకలోనే ఉన్నాను. లాలాపేట నడిచి వెళ్ళేంత దూరమే. ఈ ఆదివారం, పై ఆదివారం అనుకుంటూ ఒక్కసారీ వెళ్ళలేదు. సారు చనిపోయిన సంగతి నెల దాటాక బస్టాపులో ఎవరో చెబితే తెలిసింది. అందుకు నా మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అప్పటినుంచి ఎవరైనా మనసులో మెదిలితే ఆ రోజే బయలుదేరి వెళతాను. తలుపు తీసినవాళ్ళు కంగారుపడి, “ఏమైంది, అంతా బాగేనా?” అంటారు. ఏమీ కాలేదు, అందుకే వచ్చానంటాను.